పదిహేనో గడి

ముందే మీ దగ్గర ఒక తప్పు ఒప్పేసుకోవాలి. తర్వాత తెలిస్తే భాను మీద మీకుండే కాస్త మర్యాద కూడా పోతుంది. ఎక్సెల్ షీటులో మార్కులు మార్చింది భానే. పైలట్ ట్రైనింగ్ కోసం ఆర్నెల్లు వెతికితే చివరికి రెండు ఫ్లయింగ్ స్కూళ్లు మిగిలాయి. బీటెక్ చదివిన పిల్ల ఎవరైనా ఏం చేస్తుందో తనూ అదే చేసింది: పద్నాలుగు గళ్లు గీసి, ఒక్కో గడికి ఇన్ని మార్కులని పెట్టుకుని, కూడింది. రెండిటికీ డెబ్బై ఒకటి వచ్చింది. ఇంకోసారి కూడినా అంతే. అప్పుడు భాను వెనక్కి తిరిగి, ఎవరూ చూడట్లేదని నిర్ధారించుకుని (యాడి, అంటే అమ్మ, అక్కడే ఉంది గానీ గోంగూర గిల్లుకుంటోంది), 'క్యాంపస్' అనే గడిలో ఆరుని తొమ్మిది చేసింది. అద్దాల స్కూలు గెలిచింది. అది గెలవాలని భానుకి ముందునుంచే ఉంది.

ఇప్పుడు టైం పదకొండు దాటి నాలుగు నిమిషాలు. అశ్వారావుపేటలో పామాయిల్ ఫ్యాక్టరీ గేటు బయట ట్రాక్టర్ల వరుసలో భానుది తొమ్మిదోది. వెనక ట్రాలీ నిండా పొద్దున కోసిన గెలలు. బాపు లాల్‌సింగ్ తోటలోనే ఉండిపోయాడు, రెండో ట్రిప్పు కోయించాలి, నువ్వు తోలుకుపో బిడ్డా అంటే తోలుకొచ్చింది. ఫోన్లో రెండు నంబర్లున్నాయి. ఒకటి అద్దాల స్కూలుది, ఒకటి రేకుల స్కూలుది. అసలు పేర్లు వేరే, రెండిటికీ ముందు ఏవో రెక్కలు, వెనక అకాడమీ, ఏది ఏదో తేడా తెలియక, ఒకటి అద్దాల బిల్డింగు ఒకటి రేకుల షెడ్డు కాబట్టి, భాను పెట్టుకున్న పేర్లివి. రెండు చోట్లా ఒక్కో సీటే మిగిలింది. రెండు చోట్లా ఇవాళ పన్నెండులోపు చెప్పమన్నారు. బ్యాంకు లోన్ కాయితం మీద ఒకే స్కూలు పేరు రాస్తారు, రాశాక కొట్టివేతలుండవు, ఇంకో కాయితం ఆ ఇంటికి రాదు. అంటే ఈ గంటలో భాను పలికే ఒక్క పేరు మీద వచ్చే రెండేళ్లు గాల్లో గడుస్తాయా నేల మీద గడుస్తాయా అన్నది తేలిపోతుంది, ఈ గంటలో తను చేయగలిగిన పని మాత్రం ముందు బండి కదిలినప్పుడు క్లచ్ వదలడం ఒక్కటే.

ముసురు పడుతోంది, వాన అనడానికి లేదు, ఎండ అనడానికి అసలే లేదు, స్టీరింగ్ మీద సన్నటి తడి, ఫ్యాక్టరీలోంచి ఉడికిన పళ్ల వాసన, కొంచెం తియ్యగా కొంచెం కమురుగా, చిన్నప్పుడు ఆ వాసనకి ముక్కు మూసుకునేది, ఇప్పుడు ఆకలేస్తోంది. మబ్బు బాగా దిగి ఉంది, వెయ్యి అడుగులు ఉంటుందేమో, మెటియరాలజీ, అంటే వాతావరణం పేపరు పాసైన రోజునుంచి మబ్బుని ఊరికే మబ్బులా చూడడం చేతకావట్లేదు, బట్టలు ఆరేస్తున్న యాడికి కూడా ఇది పోయే మబ్బు కాదు అని రిపోర్టు ఇస్తుంది, నాకు తెల్వదా అంటుంది యాడి. పైన ఎక్కడో విమానం పోతున్న చప్పుడు, వైజాగ్ నుంచి హైదరాబాద్ పోయేదై ఉంటుంది, కనపడదు. తప్పులు ఒప్పుకునే ఊపులో ఇదొకటి కూడా: భాను ఇంతవరకు విమానం ఎక్కలేదు. పరీక్షలు రాయడానికి రైల్లో పోయింది, మెడికల్‌కి రైల్లో పోయింది, స్కూళ్లు చూడడానికి రైల్లో పోయింది, జనరల్ బోగీలో బాత్రూం తలుపు పక్కన సంచి మీద కూర్చుని గాలివాటాన్ని బట్టి విమానం ఎటు తిప్పాలో లెక్కలు చేసింది, ఆ లెక్కలన్నీ కరెక్టే వచ్చాయి. రెండేళ్ల సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగంలో నేర్చుకున్నది ఒక్కటే, ఎవరేం చెప్పినా నమ్మకు, నొక్కి చూడు అని. అంత నేర్చుకున్న పిల్ల ఆరుని తొమ్మిది ఎందుకు చేసిందో మరి.

ముందు బండి కదిలింది. భాను కదిలించింది. ట్రాలీ కొంచెం పక్కకి పోయింది.

"ఏందే భానూ, విమానం తోలెటోళ్లు వరుసల గిట్ల వంకర పెడ్తరా?"

ముందు ట్రాక్టరు మీదనుంచి మంగయ్య. బొగ్గు గనుల్లో ముప్పై ఏళ్లు డంపర్ తోలి రిటైరై, ఐదెకరాల పామాయిల్ పెట్టుకుని, ఇప్పుడు ట్రాక్టర్‌ని కూడా డంపర్ లాగే కూర్చుని తోలతాడు, వెనక్కి ఒరిగి, ఒక చెయ్యి గాల్లో.

"విమానానికి ట్రాలీ ఉండదు మామా. ఉంటే నేను గూడ వద్దనేదాన్ని."

"బడి ఖరారైందా?"

"పన్నెండింటికల్లా చెప్పాలె."

"ఇంకా చెప్పుడేంది? టోపీ పెట్టుకొని ఫోటో దిగినవ్ గదా, మా కోడలు స్టేటస్ గూడ పెట్టింది. గా బడే గదా?"

"అవ్ మామా, గదే అనుకుంటున్న," అంది భాను. ఆ మాట బయటికి వచ్చాక విని చూస్తే నోట్లో అన్నం ముద్దలో రాయి తగిలినట్టుంది.

ఆ ఫోటో. తండాలో ఆ ఫోటో చూడనివాళ్లు పశువులు, కోళ్లు. నానమ్మ ద్వాలి దాన్ని చర్ల ఆవల ఉన్న బంధువులకి కూడా పంపించింది, ఎవరితో పంపించిందో తెలీదు, ఆమెకి ఫోన్ లేదు. అద్దాల స్కూల్లో రిసెప్షన్ దాటగానే శ్రీదేవి అని ఒకామె ఎదురొచ్చి, చల్లటి బాదంపాలు ఇచ్చి, బాపుని సర్ అని పిలిచింది. లాల్‌సింగ్‌ని సర్ అని పిలిచిన మొదటి మనిషి ఆమే, భాను లెక్కలో స్కూలుకి అక్కడే సగం మార్కులు పడిపోయాయి. ఏసీ గదిలో పెద్ద స్క్రీన్ మీద మంచు కొండలు, నిజం కాక్‌పిట్ లాంటి కుర్చీ, తర్వాత తెల్ల చొక్కా, భుజాల మీద నాలుగు బంగారు గీతలు, టోపీ, మేడం ఇట్లా నిలబడండి, వెనక విమానాలు వచ్చేట్టు, నవ్వండి, కెప్టెన్ భాను అనండి. భాను అంది కూడా. ఫోటోలో ఆ అంటున్నప్పటి నోరు కూడా పడింది. కెప్టెన్‌కి ఉండే ఆ నాలుగు గీతలు రావాలంటే పది పన్నెండేళ్లు పడుతుందని భానుకి తెలుసు, వాళ్లకీ తెలుసు, కానీ చొక్కా వేసుకున్నాక ఎవరికి గుర్తుంటుంది. ఆ టైంలో బాపు ఏం చేస్తున్నాడు? అవును, బాపు ఏం చేస్తున్నాడంటే, స్కూలుకున్న ఐదు చిన్న విమానాలూ వరుసగా నిలబెట్టి ఉంటే వాటిలో ఒకదాని పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు, లుంగీ కాదు నయం, ప్యాంటే, చక్రం పక్కన నేల మీద చెయ్యి పెట్టి ఏదో తడుముతున్నాడు. భాను పరుగున పోయి, బాపూ లే, వాళ్లు చూస్తున్నారు అంది. లేచాడు. చేతులు దులుపుకున్నాడు. సర్, ఏమైనా పడిపోయిందా అని శ్రీదేవి అడిగింది. ఏం పడలేదమ్మా, గదే చూస్తున్న అన్నాడు. ఆమె నవ్వింది. భాను కూడా నవ్వింది, ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే సీటు మీద సర్దుకుని కూర్చోవాల్సి వస్తోంది.

రేకుల స్కూల్లో బాదంపాలు లేవు. పొద్దున్న ఆరింటికే చేరుకుంటే గేటు దగ్గర ఎవరూ లేరు, లోపల నలుగురు పిల్లలు కలిసి ఒక విమానాన్ని షెడ్డులోంచి బయటికి తోస్తున్నారు, పెళ్లి కారు మొరాయించినట్టు, హుషారుగా. ఇన్‌స్ట్రక్టర్ మేడం మెడలో హెడ్‌సెట్, మోచేతి దాకా నల్ల గ్రీజు, పదకొండింటికి నాకు పది నిమిషాలు ఖాళీ ఉంటుంది అప్పుడు మాట్లాడదాం అని హిందీలో చెప్పి విమానం ఎక్కి వెళ్లిపోయింది. ఐదు గంటలు కూర్చోబెట్టారు. తిరుగు రైలు రాత్రికి గానీ లేదు, చీకటి పడేదాకా అక్కడే ఉన్నారు. బాత్రూం తలుపుకి గడియ లేదు, పురికొస ఉంది. హాస్టల్ గదిలో నాలుగు మంచాలు. ఇద్దరు అమ్మాయిలు నిలబడే అటుకులు తింటూ మూడింటికి ఎగిరే స్లాట్ నాదంటే నాదని పోట్లాడుకుంటున్నారు, భానుని చూసి ఒక్కరూ పలకరించలేదు. ఒకసారి నన్ను ఎక్కించి తిప్పుతారా అని అడిగితే, ఇవాళ ఖాళీ విమానం లేదమ్మా అన్నారు. భాను బాగా నొచ్చుకుంది. తిరుగు రైల్లో 'మర్యాద' అనే గడిలో రెండు మార్కులు వేసింది. అక్కడా బాపు గొంతుక్కూర్చున్నాడు. షెడ్డులో, నల్లటి ఆయిల్ మరకల మధ్య. అక్కడ మాత్రం ఎవరూ చూడలేదు, ఎవరికీ తీరిక లేదు.

ఫోన్ మోగింది. శ్రీదేవి. పొద్దుటినుంచి ఇది ఆరోసారి. ఎత్తితే, మేడం మీ సీటు మీద ఇంకో ముగ్గురు ఉన్నారు, మీ ఫోటో మా పేజీలో పెట్టాం చూశారా, రెండు వందల లైకులు అంటుంది. భాను ఎత్తలేదు, చూస్తూ ఉండిపోయింది, మోగి మోగి ఆగింది. పన్నెండు గంటలకి ఇంకా ముప్పై రెండు నిమిషాలు. వరుసలో ఇంకా ఆరు బండ్లు. అద్దాల స్కూల్లో చదువుతున్న ఒకబ్బాయిని ఇన్‌స్టాలో పట్టుకుని, ఎన్నాళ్లయింది, ఎన్ని గంటలు ఎగిరావు అని అడిగింది ఒకసారి. లైసెన్సుకి రెండు వందల గంటలు ఎగరాలి, అది లేకపోతే ఎంత బాగా చదివినా కాయితమే. అబ్బాయి రెండు రోజులు ఆలోచించి జవాబిచ్చాడు: హాస్టల్ ఫుడ్ బాగుంటుంది. భాను 'భోజనం' అనే గడిలో ఎనిమిది వేసుకుంది. టెస్టింగ్ ఇంజనీరు!

గేటులోంచి కిషోర్ బయటికి వచ్చాడు. గెలలు పక్వానికి వచ్చాయా లేదా చూసే మనిషి, చేతిలో ఇనప కొక్కెం, తల మీద ప్లాస్టిక్ సంచి. వరుస పొడుగ్గా ఉన్నప్పుడు బయటికే వచ్చి ఒక చూపు చూసిపోతాడు. మంగయ్య ట్రాలీ దగ్గర ఆగాడు. మంగయ్య ట్రాలీ మీద గెలలు కుంకుమ రాసినట్టు ఎర్రగా మెరుస్తున్నాయి.

"ఎట్లుంది సరుకు? కండ్లు సల్లబడతలేవా?" అన్నాడు మంగయ్య.

"పైన అందరూ ఎర్రగనే పేరుస్తరు కాకా," అంటూ కిషోర్ పైకి చూడనే లేదు. వంగి, ట్రాలీ వెనక తలుపు గొళ్లెం సడలించి, అడుగున చూశాడు. నాలుగైదు పళ్లు దొర్లి బురదలో పడ్డాయి. "రాలినయ్ తక్కువున్నయ్. రెండు మూడు గెలలు తీస్త, ఏమనుకోకు."

"ముప్పై ఏండ్లు బొగ్గు తోలిన. ఒక్కడు గూడ బొగ్గు పచ్చిగుందని వాపస్ పంపలే."

భాను నవ్వబోయి ఆగింది. కిషోర్ వంగిన తీరు. మోకాలి మీద ఒక చెయ్యి, మెడ కిందికి, కళ్లు నేల మీద. ఆ వంగడం తనకి తెలుసు. పన్నెండేళ్లప్పుడు వేసవి సెలవుల్లో బాపు తనకి సుద్దముక్క ఇచ్చాడు, కోసేవాళ్ల ముందు నడుస్తూ పండిన గెలలున్న చెట్టుకి గుర్తు పెట్టమని. భాను తల పైకెత్తి, సాయంత్రం ఎండలో ఎర్రగా కనపడ్డ ప్రతి గెలకీ గుర్తు పెట్టుకుంటూ పోయింది, ఎంత జల్దీ అయిపోయిందో అని మురిసిపోయింది. మర్నాడు ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క గెలలు పచ్చివని పక్కన పడేశారు. కోసిన గెల మళ్లీ చెట్టుకి అతకదు. బాపు ఒక్కడే వాటిని మళ్లీ ట్రాలీలోకి ఎత్తుకున్నాడు, ఒక్కోటి ఇరవై కేజీలు. ఆ మర్నాడు పొద్దున్నే తోటలో మొదటి చెట్టు దగ్గర నిలబెట్టి, భాను తల మీద అరచెయ్యి పెట్టి కిందికి వంచాడు. పైకి సూడకు. ఎండ రంగు మారుస్తది. చెట్టు మొదట్ల రాలిన పండ్లు లెక్కవెట్టు. పది రాలితే గుర్తు పెట్టు. ఒక్కటి రాలకుంటే తల గూడ ఎత్తకు, ఇంకో చెట్టుకు పో. ఆ సెలవులంతా భాను నేల వంక చూస్తూ నడిచింది, గెలలు ఏ రంగులో ఉన్నాయో కూడా చూడలేదు, ఆ వేసవిలో ఇంకొక్క గెల వాపసు రాలేదు.

ఏం పడలేదమ్మా, గదే చూస్తున్న.

భాను వేళ్లు వాటంతటవే ఫోన్‌లో ఆ ఫోటో తీశాయి. టోపీ, గీతలు, నోరు. ఇన్ని రోజుల్లో వందసార్లు చూసి ఉంటుంది, వందసార్లూ మొహమే చూసుకుంది. ఇప్పుడు రెండు వేళ్లతో పెద్దది చేసి కిందికి లాగింది, బెల్టు, మోకాళ్లు, బూట్లు, బూట్ల వెనక విమానం చక్రం. చక్రం పక్కన సిమెంటు పగుల్లోంచి జానెడు గడ్డి. నిటారుగా ఉంది, ఒక్క పోచ కూడా వంగలేదు. చక్రానికీ దాని కాలికీ మధ్య సాలెగూడు, నీటి చుక్కతో సహా. ఇంకొంచెం పక్కకి లాగింది, రెండో విమానం, మూడో విమానం, ఐదూ ఉన్నాయి, తళతళలాడుతూ. వాటి మీద ఆకాశం, ఒక్క మబ్బు లేదు, నీలంగా, పగలు పదిన్నరకి. అలాంటి రోజున ఐదు విమానాలూ నేల మీద ఎందుకున్నాయి? తన ఫోటో కోసం ఆపారా? మురిసిపోవడానికి ఆ అవకాశం కూడా మిగల్లేదు, గడ్డి అట్లా ఒక్క రోజులో మొలవదు.

బాపుకి ఫోన్ చేసింది. ఇద్దరూ తండా భాషలో మాట్లాడుకున్నారు, తెలుగులో చెప్పుకుంటే ఇట్లా ఉంటుంది.

"బాపూ, ఆ రోజు అద్దాల బడికాడ కూసొని ఏం సూసినవ్?"

"ఏం సూస్త? గడ్డి మొలిసింది."

"మరి రేకుల కాడ?"

"గడ్డి యాడుంటది, నేలంత ఆయిల్ మరకలే. టైర్లు అరిగినయ్. ఇంకోటి బిడ్డా, మన ట్రాక్టర్‌కు ఎన్ని గంటలు నడిసిందో సూపెట్టే మీటర్ ఉంటది సూడు, గట్లాంటిదే అండ్ల గూడ ఉన్నది. అద్దంలకెల్లి సూసిన. అద్దాల కాడ మనం పోయినప్పుడు ఎంతుందో, వొచ్చేటప్పుడు గంతే. రేకుల కాడ పొద్దటికి మాపటికి ఆరు పెరిగింది."

ఆరు. ఒక్క విమానం, ఒక్క రోజు. భాను కళ్లు మూసుకుంది.

"ఇన్ని రోజులు చెప్పవైతివి బాపూ."

అటువైపు గెల కిందపడ్డ చప్పుడు, ఎవరినో పక్కకి జరగమని బాపు కేక, తర్వాత మళ్లీ గొంతు. "నువ్వు కంప్యూటర్ల పద్నాలుగు గడులు గీస్తివి గదా. గది అండ్ల లేదా? ఉంటది అనుకున్న."

భాను ఒక్కో గడీ గుర్తు చేసుకుంది. హాస్టల్ వైఫై ఉంది, స్విమ్మింగ్ పూల్ ఉంది, రైల్వే స్టేషన్ నుంచి ఎంత దూరమో ఉంది, మర్యాద ఉంది. విమానం ఎగురుతుందా అన్నది లేదు. పైలట్ కావడానికి స్కూలు వెతుకుతూ, ఆ ఒక్కటీ అడగడం మర్చిపోయింది, పామాయిల్ తోటలో పుట్టి పెరిగి, ముప్పై ఒక్క గెలలు కోయించాక కూడా, మళ్లీ తలెత్తి రంగు చూసింది.

"నానమ్మకి ఏమని చెప్పాలె? ఫోటో అందరికీ పోయింది."

"ఫోటో ఉండనియ్. టోపీ మంచిగనే ఉంది," అన్నాడు లాల్‌సింగ్. "గ్రేడింగ్ కాడ కిషోర్‌ను గట్టిగ సూడమను. ఇయాల కోత నేను దగ్గరుండి సూసిన."

పదకొండు నలభై తొమ్మిది. శ్రీదేవి ఏడోసారి మోగుతోంది. ఒక మనిషికి ఏడుసార్లు ఫోన్ చేసే తీరిక ఉన్న స్కూల్లో విమానాలు మాత్రం ఎందుకు ఎగురుతాయి పాపం అనుకుని, భాను ఆ కాల్‌ని మర్యాదగా పక్కకి తోసి, రెండో నంబరు నొక్కింది. మోగింది, మోగింది, ఎత్తలేదు. మళ్లీ నొక్కింది. ముందు బండి కదిలింది, ఫోన్ చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి క్లచ్ వదిలింది, ట్రాలీ ఈసారి తిన్నగా వచ్చింది. ఎవరో ఎత్తారు, ఎత్తగానే ఇంజన్ హోరు, ఎవరిదో కేక, గాలి, ఆ చప్పుడంతా దాటుకుని మేడం గొంతు, హిందీలో, గట్టిగా, ఎవరు, జల్దీ చెప్పండి, ఒకటి దిగుతోంది ఇంకోటి లేవాలి.

"మేడం, నేను భాను. ఖమ్మం వైపు నుంచి. సీటు నాకు కావాలి. వస్తున్నా," అంది తనూ హిందీలోనే.

ఏం వినపడలేదు, ఇంకోసారి చెప్పు అంది మేడం. భాను ట్రాక్టరు సీటు మీద లేచి నిలబడి, వరుసలో ఉన్న పన్నెండు బండ్లకీ, గేటుకీ, కిషోర్‌కీ, మంగయ్యకీ, మబ్బు మీద పోతున్నవాళ్లకి కూడా వినపడేట్టు చెప్పింది. "వస్తున్నా మేడం! నా పేరు రాసుకోండి!"

రాసుకున్నా, గట్టి బూట్లు తెచ్చుకో, పొద్దున ఐదున్నరకి విమానం తోయడానికి రావాలి అని మేడం పెట్టేసింది. స్వాగతం అంతే. ఇంత గొప్ప స్వాగతం తనకి ఇంతవరకు ఎవరూ చెప్పలేదని భానుకి అనిపించింది. చూస్తే ట్రాక్టర్ ఇంజన్ ఆగిపోయి ఉంది, క్లచ్ మీదనుంచి కాలు ఎప్పుడు తీసిందో తెలీదు.

"ఏందే, ఎవరిని తిడుతున్నవ్?" వెనక్కి తిరిగాడు మంగయ్య.

"బడి ఖరారైంది మామా. టోపీది కాదు. ఇంకోటి."

"అరె, మరి గా టోపీ?"

"టోపీ మీ కోడలి స్టేటస్‌లనే ఉండనియ్."

మంగయ్య సీటు మీద ఇంకొంచెం ఒరిగి, "గా కొత్త బడిల బండ్లు మంచియేనా?" అన్నాడు.

"అరిగిపోయినయ్ మామా."

"గట్ల చెప్పు," అన్నాడు, ముప్పై ఏళ్లు డంపర్ తోలిన మనిషి, అంతకంటే ఏమీ అడగకుండా ముందుకి తిరిగాడు.

కిషోర్ వచ్చాడు. భాను ట్రాలీ పైవైపు గెలలు పెద్ద ఎర్రగా లేవు, ముసురుకి మసకగా ఉన్నాయి. వంగి గొళ్లెం సడలించగానే రాలిన పళ్లు జలజలా దొర్లి అతని బూట్ల మీద పడ్డాయి, దోసెడు, రెండు దోసెళ్లు, అతను కాలు వెనక్కి తీసుకున్నాడు. ఒక్క గెలని కూడా కొక్కెంతో లాగలేదు. పో, సీదా కాటా మీదికి పో అని చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి ఊపడం భానుకి విమానాన్ని రన్‌వే మీదికి పొమ్మన్నట్టు కనపడింది, మీకూ అలాగే కనపడి ఉంటుంది. తన వంతు వచ్చి కాటా మీద బండి ఆగిన అర నిమిషంలో ఫోన్ తీసి, 'క్యాంపస్' గడిలో తొమ్మిదిని మళ్లీ ఆరు చేసింది, ఎవరూ అడక్కపోయినా. పక్కన పదిహేనో గడి ఒకటి గీసి, దాని తల మీద 'గడ్డి' అని రాసింది. అద్దాల స్కూలుకి సున్నా. రేకుల స్కూలుకి ఎన్ని వేయాలో తేలక, మార్కుల పరిమితి తీసేసింది.

తిరుగుదారిలో ట్రాలీ ఖాళీ, రోడ్డు ఖాళీ, టాప్ గేర్‌లో ట్రాక్టరు ఎంత పోగలదో అంతా పోయింది, వెనక ట్రాలీ ఎగిరెగిరి పడుతోంది, రెండు పక్కలా పామాయిల్ తోటలు, భాను ప్రతి చెట్టు మొదట్లోకీ చూస్తూ, ఫ్యూయల్, చెక్, బ్రేక్స్, చెక్ అని ఎవరూ వినట్లేదని అరుస్తూ పోయింది. తోట మలుపు దగ్గర బాపు గట్టు మీద నిలబడి ఉన్నాడు. ఎంత తీశారు అని సైగ చేశాడు. భాను సున్నా చూపించింది. ఆయన తల ఊపి, రెండో ట్రిప్పు ఎక్కించడానికి లోపలికి పోయాడు.

ఇది భాను సంగతి. మీకూ ఎక్కడో ఒకచోట ఎర్రగా మెరిసేదాన్ని చూసి చెయ్యి చాపబోయి, ఆఖరి నిమిషంలో తల దించి నేల చూసిన రోజు ఉండే ఉంటుంది. కాలేజీ కావచ్చు, ఉద్యోగం కావచ్చు, మనిషి కావచ్చు. ఆ రోజు కింద మీకేం కనపడింది? గడ్డా, రాలిన పళ్లా? రాసి పంపండి. మార్కులు మార్చినవాళ్లు ముందు రాయండి, భాను మీ వైపే ఉంటుంది.